పొందిక తొంభై ఒకటి

అంకె తొంభై ఒకటికి చేరిందని ప్రొఫెసర్ పరాంకుశం గారు సున్నుండలు పంచుతున్న వేళకు, సంపూర్ణ శ్మశానం మన్ను అంటిన చేతులతో ఆయన గదిలోకి వచ్చింది. చావు దగ్గరికి వెళ్ళినవాళ్ళు కాళ్ళు కడుక్కోకుండా గడప తొక్కకూడదని ఆమెకు తెలియక కాదు. కాలనీలో ఏ ఇంటివాళ్ళూ చెంబెడు నీళ్ళు ఇవ్వలేదు.

“రామ్మా, నీకోసమే చూస్తున్నాం,” అన్నారాయన, తెర వైపు చెయ్యి చూపిస్తూ. “ఇవాళ పొద్దున చూడు. తొంభై ఒకటి! ఇంత పొందిక ఉన్న ఊరు ఇంకొకటి చూపించమను ఎవర్నయినా.”

“ఇవాళ పొద్దున కాలనీలో ఏం జరిగిందో తెలుసా సార్?”

“ఏం జరిగింది?”

“యలమంద శవాన్ని ఎత్తాం. మోయడానికి కాలనీలో ఒక్క మగవాడు గడప దిగలేదు. వాళ్ళ అల్లుడూ, అల్లుడి తమ్ముడూ, రోడ్డు మీద పోతున్న ఎవరో లారీ డ్రైవరూ. పాడె నాలుగో కొమ్ము నేను పట్టాను.”

సున్నుండ నోట్లో పెట్టుకోబోతున్న టెక్నీషియన్ దాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. పరాంకుశం గారు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడవడం మొదలుపెట్టారు. ఆయనకు ఇది కొత్త సంగతి కాదని ఆ తుడవడంలోనే సంపూర్ణకు తెలిసిపోయింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆ అంకె సంగతి ముందు చెప్పాలి. రిజర్వాయరు కింద తొమ్మిది ఊళ్ళు మునిగాయి. ఆ తొమ్మిది ఊళ్ళ జనాన్నీ తెచ్చి, కొండ పక్కన ఎర్రమట్టి చదును చేసి, అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళలో దించి, దానికి మైత్రీనగర్ అని పేరు పెట్టారు. సర్కారువాళ్ళకు పేర్లు పెట్టడం బాగా వచ్చు. మొదటి వేసవిలోనే కొళాయి దగ్గర ముగ్గురి తలలు పగిలాయి. ఎవరి ఊరు వాళ్ళకు గొప్ప, ఎవరి దేవత వాళ్ళకు పెద్ద. మునిగిన ఊరి పరువు కూడా అక్కడ కొళాయి దగ్గరే నిలబెట్టుకోవాలి మరి.

ఆ తగాదాలకు మందుగా వచ్చింది ‘అల్లిక’. మనుషులు కలిసిమెలిసి ఉన్నప్పుడు వాళ్ళ మాట వేగం, ఊపిరి, గుండె చప్పుడు తెలియకుండానే ఒక తాళంలోకి వస్తాయి. భజనలో వస్తాయి, పెళ్ళిలో వస్తాయి, వరినాట్లలో వస్తాయి. ఆ తాళాన్ని దూరం నుంచే పట్టి కొలిచే పరికరాన్ని పరాంకుశం గారు తన వయసంతా ధారపోసి తయారు చేశారు. ఆ కొలతకు పొందిక అని పేరు పెట్టారు. సున్నా అంటే ఎవరికి వారే, నూరు అంటే అందరూ ఒకటే. కొళాయి దగ్గర, రేషన్ డిపో దగ్గర, బస్సు ఆగేచోట బూడిదరంగు స్తంభాలు పాతి వాటిలో ఆ పరికరం పెట్టారు. కొలవడంతో ఆయన ఆగితే ఈ కథ లేదు. కొలిచినదాన్ని పెంచమని అల్లిక అనే యంత్రానికి అప్పగించారు. అల్లిక ఎవరికీ నీతులు చెప్పదు. కొళాయి ఎంతసేపు వదలాలో, అక్కడ ఎవరి వెనక ఎవరి వంతు రావాలో, రేషన్‌కు ఎవరు ఎప్పుడు రావాలో, ఉపాధి పనిలో ఏ ఇద్దరు ఒక గంప ఎత్తాలో అది నిర్ణయిస్తుంది. ఇంటికొక కార్డు. స్తంభానికి కార్డు తాకిస్తే గడప నంబరు పిలుస్తుంది. అంతే.

మొదట్లో అది చేసిన మేలు అబద్ధం కాదు. జుట్టూ జుట్టూ పట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళను అల్లిక రోజూ పక్కపక్కన నిలబెట్టింది. నెల తిరిగేసరికి వాళ్ళు పిల్లల్ని ఇచ్చిపుచ్చుకునే మాటల్లోకి దిగారు. అంకె ముప్పై నుంచి అరవైకి ఎక్కింది. సంపూర్ణ కాలనీలోనే ఒక ఇంట్లో ఉంటూ జనంతో తిరిగేది. పెళ్ళివారికి నీళ్ళు ముందు కావాలన్నా, బాలింత వంతు మార్చాలన్నా యంత్రానికి చెప్పే పని ఆమెదే. అంతకుముందు ఆమె డిగ్రీ కాలేజీలో సమాజశాస్త్రం చెప్పేది. నోరు తిరగని విదేశీ పేర్లకు పిల్లలు హడలిపోతుంటే ఆ పెద్దలందరికీ ముద్దుపేర్లు పెట్టింది. ఆత్మహత్యల లెక్కలు తీసి, మనిషిని చంపేదీ బతికించేదీ చుట్టూ ఉన్న సమాజమేనన్న ఫ్రెంచి ఆయన లెక్కల తాత. లోకంలో ఉన్న తగవంతా ఉన్నవాడికీ లేనివాడికీ మధ్యేనన్న జర్మనీ ఆయన గడ్డం తాత. రూల్సు కట్టుకుంటూ పోతే చివరికి మనమే ఇనప బోనులో పడతామని భయపడ్డ ఇంకో జర్మనీ ఆయన బోను తాత. ఎదుటివాళ్ళ కళ్ళే మనకు అద్దమని, వాళ్ళు మనల్ని ఎలా చూస్తారో మనమూ అలాగే చూసుకుంటామని చెప్పిన అమెరికా ఆయన అద్దం మామయ్య. పరాంకుశం గారు ఆ పేర్లు విని పగలబడి నవ్వి, ఆమెను తన దగ్గర పనిలోకి తీసుకున్నారు.

ఆ రోజుల్లో కాలనీలో ఒక్క గొంతు మాత్రం తాళంలోకి రాలేదు. అది రోశమ్మ గొంతు. భూమికి భూమి ఇస్తామన్న మాట ఏమైందని ప్రతి మీటింగులోనూ లేచి అడిగేది. ‘నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది గదా రోశమ్మా’ అని ఒక అధికారి బుద్ధి చెప్పబోతే, “ఊరే మునిగినాక నోరెందుకు మంచిగుండాల సారూ?” అంది. ఆమె వల్లే అధికారులకు కోపం వచ్చి పట్టాలు ఆలస్యం అవుతున్నాయని కొందరు గొణుక్కునేవాళ్ళు. ఎవరి గొణుగుడు వాళ్ళది, అప్పటికి.

తర్వాతి వేసవిలో రోశమ్మ బిందె నిండగానే కొళాయి ఆగిపోవడం మొదలైంది. ఒకరోజు కాదు, రెండురోజులు కాదు, దినామూ అదే వరస. వెనక నిలబడ్డవాళ్ళు ఖాళీ బిందెలతో ఇళ్ళకు పోయేవాళ్ళు. స్తంభాన్ని ఎవరూ అనుమానించలేదు. తొమ్మిది ఊళ్ళ పెద్దమనుషుల పక్షపాతాలు చూసి విసిగిన జనం వాళ్ళు. స్తంభంలోని పెట్టెకు కులం లేదు, చుట్టరికం లేదు, అది తప్పు చెయ్యదని గట్టిగా నమ్మారు. పెట్టెది తప్పు కాకపోతే రోశమ్మది కావాలి. ఆమె చెయ్యి మంచిది కాదన్నారు. చేతబడి అన్నారు. కాలనీ పెద్ద మాలకొండయ్య “ఆయమ్మ గాలి మనకొద్దు, ఎవురూ పలకబాకండి” అన్నాడు. తొమ్మిది ఊళ్ళవాళ్ళూ మొదటిసారి ఒకే మాట మీద నిలబడ్డారు. అంకె ఎనభై దాటింది.

పాడె ఎత్తడానికి ముందురోజు మధ్యాహ్నం రోశమ్మ భర్త యలమంద గుండె పట్టుకుని కూలబడ్డాడు. కాలనీలో ఆటో ఉన్నది బ్రహ్మయ్యకే. పెట్రోలు లేదన్నాడు. సంపూర్ణ రోడ్డు దాకా పరిగెత్తి ఇంకో ఆటో తెచ్చేసరికి యలమంద పోయాడు.

గుంట దగ్గర రోశమ్మ గుప్పెడు మన్ను తీసుకుని, వెయ్యకుండా ఆగిపోయింది. కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. “నేనెయ్యను తల్లే. ఏమో, నిజంగానే నా చెయ్యి మంచిది కాదేమో. ఆయన్నన్నా సల్లగా ఉండనీ” అంది. మన్ను సంపూర్ణ చేతిలో పోసింది. తిట్టినవాళ్ళ నోరు మూయించే మనిషి, వాళ్ళ కళ్ళతోనే తన చేతిని చూసుకుంటోంది. తరగతి గదిలో అద్దం మామయ్య పాఠం నవ్వుతూ చెప్పినందుకు సంపూర్ణకు తన మీదే అసహ్యం వేసింది.

సున్నుండల గదిలో ఆ రోజు ఆమె ఇంకేమీ అనలేదు. ఇది ఆ పెట్టె పనేనని అనే ముందు రుజువు కావాలి.

మర్నాడు పొద్దున్నే సంపూర్ణ రోశమ్మ దగ్గర ఆమె కార్డు అడిగి తీసుకుని కొళాయి దగ్గరికి వెళ్ళింది. స్తంభం రోశమ్మ గడప నంబరు పిలిచింది. సంపూర్ణ బిందె పెట్టింది, నిండింది, ధార సన్నబడి ఆగిపోయింది. రోశమ్మ తన ఇంట్లో ఉంది, ఆమె చెయ్యి ఆ కొళాయి దరిదాపుల్లో లేదు. అయినా వెనకున్న ఒకామె మూతి తిప్పింది.

“కార్డు ఆయమ్మదే గదా. ఆ కార్డుకి గూడా అంటినట్టుంది.”

సంపూర్ణకు నవ్వు రాలేదు. బిందె అక్కడే దించి, నేరుగా పరాంకుశం గారి గదికి వెళ్ళింది.

“మీకు ఎప్పటి నుంచి తెలుసు సార్?”

ఆయన బుకాయించలేదు. ఆ మంచి గుణం ఆయనలో ఉంది. “రెండు నెలలుగా. కూర్చో.”

“కూర్చోను.”

“అల్లికకు నేను ఎవర్నీ వెలివెయ్యమని చెప్పలేదమ్మా. పొందిక పెంచమన్నాను. అది చాలా గడపల మీద ప్రయత్నించి చూసింది. ఈమె దగ్గర అంకె లేచింది. ఆమెను తిట్టుకునేటప్పుడు కాలనీ మొత్తం ఒకే తాళంలోకి వస్తోంది. నువ్వు పాఠం చెప్పినదానివి. మీ లెక్కల తాత ఏమన్నాడు? శిక్ష పడేది తప్పు చేసినవాడి కోసం కాదు, శిక్షించేవాళ్ళు ఒకటి కావడం కోసం అన్నాడా లేదా?”

“రోశమ్మ చేసిన తప్పేమిటి?”

“తప్పు ఉండక్కర్లేదు. ఉందని అందరూ అనుకుంటే చాలు.” ఆయన గొంతు తగ్గింది. “నా కాలేజీ రోజుల్లో మా ఊళ్ళో రెండు వీధులవాళ్ళు నరుక్కున్నారు. శవాలను ఎడ్లబండిలో వేసుకెళ్ళాం. మా అన్నయ్య కూడా ఉన్నాడు వాటిలో. మనుషులు మళ్ళీ అలా కొట్టుకు చావకూడదనే ఇదంతా. ఇక్కడ పోయింది ఒక్క ప్రాణం. అదీ గుండెజబ్బు.”

“గుండెజబ్బుతో పోయాడు. ఆటో ఎందుకు రాలేదు?”

ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ తుడవడం మొదలుపెట్టారు.

“ఒక్క తాత పాఠం చదివి పుస్తకం మూసేశారు మీరు,” అంది సంపూర్ణ. “గడ్డం తాతను కూడా అడగాల్సింది, ఈ పొందిక ఎవరికి లాభమని. భూమి ఇస్తామని ఎగ్గొట్టినవాళ్ళకు లాభం. అడిగే నోరు ఈ కాలనీలో ఒక్కటే ఉండేది. దాన్ని మీ యంత్రం కాలనీ చేతే నొక్కించింది. మీకు శాంతి కనిపిస్తోంది సార్. నాకు మా అమ్మ కనిపిస్తోంది. మా నాన్న కాపుల పెళ్ళిలో వాళ్ళ కాళ్ళ కింద నడకకు బట్టలు పరవనన్నాడని మా చాకలి ఇంటిని వెలేశారు. ఆ ఏడు మా ఊరంత పొందికగా ఏ ఊరూ లేదు. బావిలో చేద వెయ్యనివ్వకపోతే మా అమ్మ వాగులో చెలమ తోడి నీళ్ళు తెచ్చేది.”

“నీ బాధ నాకు అర్థమవుతుంది. సోమవారం మంత్రిగారు చూడటానికి వస్తున్నారు. అల్లిక అన్ని కాలనీలకూ మంజూరవుతుంది. అది కానీ. రోశమ్మను ఇంకో చోటికి మార్చి మంచి ఇల్లు ఇప్పిస్తాను.”

“ఆమె పోయాక?”

ఆయన తెర వైపు చూశారు.

“ఇంకో గడప వెతుక్కుంటుంది, అంతేగా?”

“అది యంత్రమమ్మా. అంకె తప్ప దానికేం తెలుసు?”

“మీకు తెలుసు కదా,” అని సంపూర్ణ వచ్చేసింది.

తన బల్ల దగ్గర కూర్చుని, వంతులు మార్చే చోట, నీళ్ళు ఆగే వంతులో ఉన్న రోశమ్మ గడప నంబరు తీసి మాలకొండయ్య నంబరు పెట్టింది. ఆ పని చేస్తున్నప్పుడు ఆమెకు తృప్తిగా ఉన్న మాట నిజం. సాయంత్రం రేషన్ డిపో దగ్గర అందరూ వినేలా చెప్పింది, “రేపు నీళ్ళు మాలకొండయ్య గారి బిందె తర్వాత ఆగిపోతాయి. చూసుకోండి” అని. మాలకొండయ్య నవ్వాడు. “ఏందమ్మా, రోశమ్మ కాడ నువ్వు గూడా నేర్చుకున్నావా?” అన్నాడు. ఆ మాటకు డిపో అంతా నవ్వింది.

తెల్లారింది. ఖాళీ బిందెలతో కాలనీ సగం అక్కడే ఉంది, చోద్యం చూడటానికి. స్తంభం మాలకొండయ్య గడప నంబరు పిలిచింది. ఆయన కోడలు బిందె పెట్టబోతే వద్దని, తనే మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చి పెట్టాడు. బిందె నిండింది. ధార సన్నబడింది, రెండు చుక్కలు రాలాయి, ఆగిపోయింది.

వెనక నుంచి గొణుగుడు మొదలైంది. “ఈయన చేతికి గూడా వచ్చిందా?” “మొన్న వాళ్ళింటి ముందర నల్లకోడి తిరిగింది, నే జూశా.” “కోడలు వచ్చిన కాడ్నించి అంతే.” కోడలు బిక్కచచ్చిపోయి మామ వెనక్కి నక్కింది. మాలకొండయ్య తిరిగి చూశాడు. తనతో నిన్న నవ్వినవాళ్ళే. ఆ చూపులు ఎలా ఉంటాయో ఆయనకు ఇన్నాళ్ళూ వెనక నుంచే తెలుసు. ఎదర నుంచి తెలియదు.

“నేనేం జేశాన్రా?” అన్నాడు. ఆ గొంతు ఆయనది కాదు.

సంపూర్ణ కొళాయి దిమ్మె ఎక్కింది. నిన్నటి తృప్తి ఆ కోడలి ముఖం చూడగానే పోయింది. “ఆయనేం చెయ్యలేదు,” అంది గట్టిగా. “రోశమ్మా ఏం చెయ్యలేదు. నీళ్ళు ఎప్పుడు ఆగాలో, ఎవరి వెనక ఆగాలో ఈ స్తంభంలో ఉన్న యంత్రం నిర్ణయిస్తుంది. మీరందరూ కలిసి ఒక మనిషిని అసహ్యించుకుంటే దాని అంకె పెరుగుతుంది. అందుకని మీకు రోశమ్మను చూపించింది. నిన్న ఆ నంబరు తీసి మాలకొండయ్య గారిది పెట్టింది నేను. వేళ్ళతో నొక్కాను. మంత్రం లేదు, మాయ లేదు.”

ఆ మాట జనంలోకి దిగడానికి కొంచెంసేపు పట్టింది. దిగాక వచ్చిన అరుపు కొండకు తగిలి వెనక్కి వచ్చింది. “మమ్మల్ని ఎదవల్ని జేశారు గదే!” “ఇరగ్గొట్టండ్రా దాన్ని!” ఎవరో గడ్డపార తెచ్చారు. మాలకొండయ్య అది లాక్కున్నాడు. ఆడవాళ్ళు రాళ్ళు ఏరుకున్నారు. తొమ్మిది ఊళ్ళూ ఒకే ఊపిరితో స్తంభం మీదికి కదిలాయి. సంపూర్ణ ఫోను మోగింది.

“ఏం చేశావమ్మా?” పరాంకుశం గారి గొంతులో ఆనందం ఆగడం లేదు. “తొంభై ఆరు! తొంభై ఏడు! నా జన్మలో చూడలేదు!”

స్తంభం వైపు కదిలే ఆ ముఖాలు, మొన్న రోశమ్మను చూసిన ముఖాలే.

“ఆ గడ్డపార దించన్నా.”

రోశమ్మ. ఎప్పుడొచ్చిందో, స్తంభానికి వీపు ఆనించి నిలబడి ఉంది. బొట్టు లేదు. తల దువ్వుకోలేదు. ఖాళీ బిందె చంకలో ఉంది.

“పక్కకి రా రోశమ్మా,” అన్నాడు మాలకొండయ్య. “నీకు అన్నేయం జేసింది ఇదే. నీకోసమేగా పగలగొడతండేది.”

“నాకోసమా?” ఆమె నవ్వింది, ఆ నవ్వుకు ముందువరసలో ఉన్నవాళ్ళు వెనక్కి జరిగారు. “నీళ్ళు ఆపింది పెట్టె. ఒప్పుకుంటా. నన్ను మాయలదాన్నని పెట్టె అన్నిందా? మా ఆయన గుండె పట్టుకోని పడిపోతే ఆటోలో పెట్రోలు లేదని పెట్టె చెప్పిందా? పాడె కాడికి పోబాకండని మీ మొగుళ్ళ చేతులు పట్టుకోని ఆపింది పెట్టేనా?”

ముందువరసలో ఆడవాళ్ళు తమ చేతుల్లోని రాళ్ళకేసి చూసుకున్నారు.

“అందరూ కలిసి నన్ను ఎలేశారు. ఇప్పుడు అందరూ కలిసి దీన్ని ఇరగ్గొడతారు. ఇరగ్గొట్టి, కలిసి ఇళ్ళకు పోతారు. మీ పాపమంతా ఈ ఇనప ముక్క మోసిద్ది. నాకాడికి ఎవురొస్తారు?” కుడిచేతిని ముందుకు చాచింది, వేళ్ళన్నీ విప్పి. “ఈ చేత్తో మా ఆయనకి పిడికెడు మన్ను గూడా ఎయ్యలేదు నేను. ఎయ్యనియ్యకుండా జేశారు. నాకు మీరందరూ ఒద్దు. ఒక్కొక్కళ్ళే రాండి. నా మొగం జూసి, ఎవురేం జేశారో వాళ్ళే చెప్పండి. చెప్పినాక దీన్ని పగలగొట్టుకుంటారో, పూజలే చేసుకుంటారో మీ ఇష్టం.”

రాయి ఒకటి కింద పడింది. తర్వాత ఇంకొకటి. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. మాలకొండయ్య కోడలు చీర చెంగు నోట్లో కుక్కుకుంది. మాలకొండయ్య గడ్డపారను నేలకు ఆనించి, దాని వైపే చూస్తూ ఉండిపోయాడు. ఎవరి తల వాళ్ళు దించుకున్నారు, ఎవరి ఊపిరి వాళ్ళకే వినిపిస్తోంది.

“ఏమయిందమ్మా అక్కడ?” ఫోనులో పరాంకుశం గారు గాభరా పడుతున్నారు. “పడిపోతోంది. డెబ్బై... అరవై రెండు... ఏదో ఒకటి చెప్పి నిలబెట్టు వాళ్ళని! యాభై. సంపూర్ణా, వింటున్నావా? ముప్పై ఎనిమిది...”

జనంలో నుంచి బ్రహ్మయ్య వచ్చాడు, ఆటో బ్రహ్మయ్య. తలకు చుట్టిన తువ్వాలు విప్పి చేతిలో నలుపుతూ రోశమ్మ ఎదురుగా నిలబడ్డాడు.

“ఇరవై, అమ్మా! ఇరవై!”

సంపూర్ణ ఫోను పెట్టేసింది.

రోశమ్మ బిందె కింద పెట్టి, దాని మీద కుడిచెయ్యి ఆనించుకుంది.

“చెప్పు బ్రహ్మయ్యా,” అంది. “పెట్రోలు ఉందా, లేదా?”